బోల్టు విరిగిందా? ముందు చేతులు కడుక్కోండి

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లుగా లేత్ పని చేస్తున్నాను. నా షెడ్డుకు బండ్లు రావు. బండ్లలో ఎవరో విరిచినవి, అరగదీసినవి, పాడుచేసినవి సంచుల్లో వస్తాయి. ఈ నెల ఉత్తరాలు కూడా అలాగే వచ్చాయి, సగానికి పైగా విరిగిన బోల్టుల గురించే. అందుకని మైలేజీ సందేహాలు వచ్చే నెలకు వాయిదా వేశాను. అడిగినవారు క్షమించాలి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరదలో మా కారు నాలుగు రోజులు నీళ్లలో నానింది. అప్పట్లోనే ఇంజిన్ శుభ్రం చేయించాం, బాగానే తిరిగింది. ఈ మధ్య పొద్దున్నే స్టార్టు చేయగానే టిక్ టిక్ అని చప్పుడు వస్తోంది, వేడెక్కాక తగ్గిపోతోంది. ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డుకూ ఇంజిన్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందన్నారు. విప్పుతుంటే దాన్ని బిగించే ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డు (తల లేని బోల్టు) ఒకటి ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డు ముఖానికి సమంగా విరిగింది. హెడ్డే మార్చాలని ఒక మెకానిక్ అంటున్నారు. డ్రిల్లు వేసి, ఈజీ అవుట్ (విరిగిన బోల్టును లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్టు) దింపి అరగంటలో తీసేస్తానని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, అజిత్‌సింగ్‌నగర్

జవాబు: ఇద్దరి మాటా వినకండి. ముఖ్యంగా ఆ అరగంట ఆయన మాట.

ఎందుకంటే ఆ అరగంట మనిషిని నేనూ ఒకప్పుడు. పనిలో చేరిన కొత్తలో గుడివాడ నుంచి ఒక డాక్టరు గారి ప్రీమియర్ పద్మిని వచ్చింది. సాయంత్రం ఆయన కుటుంబంతో పెళ్లికి వెళ్లాలి. ఇంజిన్ నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మూత విప్పుతుంటే బోల్టు నా చేతిలో తెగింది. గురువు గారు చూడకముందే తీసేద్దామని అడ్డదిడ్డంగా రంధ్రం వేసి, ఈజీ అవుట్ దింపి, బలం కొద్దీ తిప్పాను. టప్ మని అది కూడా లోపలే విరిగింది. గురువు గారు వచ్చి చూశారు. తిట్టలేదు. ‘చేతులు కడుక్కుని, టీ తాగి రా’ అన్నారు. తిరిగి వచ్చాక చెప్పారు: ‘నువ్వు ముందు విరిచింది మామూలు ఉక్కు. ఇప్పుడు విరిచింది నీ డ్రిల్లు బిట్టుకు లొంగనంత గట్టిది. టీ ముందే తాగి ఉంటే సరిపోయేది.’ దాన్ని పదునైన పంచ్‌తో కొట్టి, పొడి పొడి చేసి ఏరడానికి నాకు రెండు రోజులు పట్టింది. డాక్టరు గారు పెళ్లికి బస్సులో వెళ్లారు.

అప్పటి నుంచి మా షెడ్డులో ఎవరి చేతిలో బోల్టు విరిగినా ముందు చేతులు కడుక్కోవాలి. కుర్రాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, కడుక్కుంటున్నారు కదా.

మీ స్టడ్డు సంగతికి వస్తాను. ఇంజిన్ వేడెక్కినప్పుడు మానిఫోల్డు పొడవు సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఆ లాగుడు ఎక్కువగా పడేది రెండు చివరల ఉన్న స్టడ్ల మీద. మీది కూడా చివరి సిలిండరు దగ్గరిదే అయి ఉంటుందని నా అనుమానం. దానికి తోడు వరద బురద స్టడ్డుకూ మానిఫోల్డు రంధ్రానికీ మధ్య సందులో దూరి అక్కడే ఎండి ఉంటుంది. బయట ఎంత కడిగినా ఆ సందులోకి నీళ్ల పైపు పోదు. సింగ్‌నగర్, పాయకాపురం వైపు నుంచి ఆ ఏడాది నా దగ్గరికి వచ్చిన హెడ్లలో స్టడ్డు తీశాక రంధ్రం లోంచి రేగడి మట్టి పొడిగా రాలేది.

హెడ్డు ముఖానికి సమంగా విరిగిన స్టడ్డుకు నేను మొదట చేసేది వెల్డింగు. విరిగిన ముక్క మీద వాషరు పెట్టి అతికిస్తాం, దాని మీద పది మిల్లీమీటర్ల నట్టు పెట్టి లోపలి నుంచి నింపుతాం. ఎనిమిది నట్టు కాకుండా పది ఎందుకంటే, రంధ్రం వెడల్పుగా ఉంటే వెల్డింగు రాడ్డు కొస అడుగు దాకా పోతుంది. ఇనుము కరిగి పడినా అల్యూమినియానికి అతకదు, అదే మనకు కలిసివచ్చే సంగతి. హెడ్డు పోత ఇనుముది అయితే ఇంత ధైర్యం చేయకూడదు, పక్కకు జారిన వెల్డింగు హెడ్డుకే పట్టుకుంటుంది. నట్టు అతికింది కాబట్టి పానాకు పట్టు దొరికిందని చాలామంది సంతోషిస్తారు. అసలు పని చేసేది పట్టు కాదు, వేడి. ఆ కాసేపట్లో స్టడ్డు ఎర్రగా కాలి, ఉబ్బి, మళ్లీ ముడుచుకునేటప్పుడు తుప్పు పొర పగులుతుంది. అందుకే నట్టు ఎరుపు పూర్తిగా పోయేదాకా పానా పెట్టకూడదు. ఎర్రగా ఉండగా తిప్పితే నట్టుతో పాటు ముక్క పైభాగం పాకంలా సాగి వస్తుంది.

ఎరుపు పోయాక రింగు పానా పెట్టి ముందు బిగించే వైపు పిసరంత, తర్వాత విప్పే వైపు పిసరంత కదపండి. ఇక్కడ చెవి పెట్టాలి. ‘కిర్రు’మని ఎండు తలుపు తీసినట్టు చప్పుడు వస్తే శుభం, తుప్పు వదులుతోంది. చప్పుడేమీ లేకుండా పానా మెత్తగా, రబ్బరు తిప్పినట్టు కదిలితే వెంటనే ఆపేయండి. అక్కడ తిరుగుతున్నది మర కాదు, స్టడ్డు మెలిపడుతోంది. నట్టు ఊడిపోతే బెంగపడకండి, ఇంకొకటి పెట్టండి. ఒక హెడ్డుకు ఐదు నట్లు అతికించాను. నాలుగు ఊడాయి, ఐదోది స్టడ్డును పట్టుకుని బయటికొచ్చింది. ఊడిన ప్రతిసారీ వేడి మాత్రం లోపలికి దిగుతూనే ఉంది.

ఒక జాగ్రత్త. హెడ్డు కారులో ఉండగా వెల్డింగు చేస్తే బ్యాటరీ రెండు తీగలూ విప్పాలి, ఇంజిన్ కంప్యూటర్ ప్లగ్గు తీసేయాలి. ఎర్తు క్లిప్పును పని జరిగే చోటుకు ఆనుకుని హెడ్డుకే తగిలించాలి. ఎక్కడో ఛాసిస్‌కు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా తిరిగి వాటిని పాడుచేస్తుంది. పెట్రోలు పైపు ఎక్కడుందో చూసుకోవాలని వేరే చెప్పాలా?

వెల్డింగుతో రాకపోతే అప్పుడు డ్రిల్లు. అదీ హెడ్డు దించి, నిలువు డ్రిల్లింగు మెషీను కింద బిగించి. బానెట్ కింద వంగి చేతి డ్రిల్లుతో వేసే రంధ్రం నిటారుగా పోతుందని నేను నమ్మను. విరిగిన ముఖం ఎత్తుపల్లాలుగా ఉంటుంది, ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్ కొట్టాలి. మధ్య తప్పితే బిట్టు గట్టి ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియంలోకి జారుకుంటుంది, అది దాని స్వభావం. మూడు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, ఐదుకు పెంచుతాను. ఎడమకు తిరిగే బిట్లు దొరుకుతాయి, అవి వాడండి. రంధ్రం వేస్తుండగానే ముక్క తనంతట తాను విప్పుకుని పైకి వచ్చిన రోజులున్నాయి. రాకపోతే 6.8 మిల్లీమీటర్ల దాకా వెళతాను. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డుకు మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు అయితే, మర కోసే ట్యాపుకు ముందు వేసే రంధ్రం కొలత అదే. రంధ్రం సరిగ్గా నడిమధ్యనే పడి ఉంటే అక్కడికి మర తప్ప ఏమీ మిగలదు, సూదిమొనతో ఒక కొస లేపితే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది.

ఈజీ అవుట్ మీద నాకు పాత కక్ష ఉందని మీకు తెలిసింది కదా, అయినా న్యాయంగానే చెబుతాను. అది కొస సన్నం, మొదలు లావు. తిప్పిన కొద్దీ లోపలికి దిగి, బోల్టును లోపలి నుంచి ఒత్తి వెడల్పు చేస్తుంది. తుప్పు పట్టి బిగిసిన బోల్టు మరింత బిగుస్తుంది. తల తెగినా మర వదులుగా ఉన్న బోల్టుకైతే అది చక్కగా పనిచేస్తుంది. బిగుసుకుని తెగిన మీ స్టడ్డుకు మాత్రం వద్దు.

అది లోపల విరిగిపోయిన తర్వాత నా దగ్గరికి తెచ్చేవాళ్లే ఎక్కువ. అప్పుడు మామూలు బిట్టు దాని మీద జారడమే కానీ కోయదు. ఈ రోజుల్లో దానికి మందుంది, స్పార్క్ ఎరోజన్ మెషీను. కిరసనాయిలు లాంటి నూనెలో హెడ్డును ముంచి, రాగి కడ్డీ దించి, సెకనుకు వేల నిప్పురవ్వలతో గట్టి ఉక్కును కొద్దికొద్దిగా కొరికించడం. కడ్డీ దేన్నీ తాకదు, కాబట్టి హెడ్డు మరలకు దెబ్బ తగలదు. అచ్చులు, డైలు చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. గంటల లెక్కన డబ్బు తీసుకుంటారు.

హెడ్డు మార్చమన్న ఆయన గురించి చెప్పనేలేదు. ఒక్క స్టడ్డుకు హెడ్డు మార్చడం గోరుచుట్టుకు చెయ్యి తీసేయడం. హెడ్డు పగిలిందనో వంగిందనో చూపిస్తే అప్పుడు మాట్లాడదాం. ఇప్పుడు విరిగింది ఒకటే అయినా, మానిఫోల్డు విప్పినందుకు మిగతా స్టడ్లనూ తీసి కొత్తవి వేయించండి. అవీ అదే బురదలో నానాయి.

ప్రశ్న: నమస్తే అండీ. మా కారుకు రెండేళ్లలో రెండుసార్లు థర్మోస్టాట్ మూత బోల్టు విరిగింది. రెండుసార్లూ ఆరు మిల్లీమీటర్లదే. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినప్పుడల్లా ఇంట్లో బోరు నీళ్లు పోస్తుంటాను. బోల్టు ముందే పాడైపోయి ఉందని చెప్పి, తీసినందుకు మెకానిక్ విడిగా డబ్బు తీసుకున్నారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది, బోరు నీళ్లు. మీ ఇంట్లో స్నానాల గది కుళాయికి తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది, చూడండి. ఆ ఉప్పే రేడియేటర్‌లోకీ వెళుతోంది. ఉక్కు బోల్టు, అల్యూమినియం మూత, మధ్యలో ఉప్పు నీళ్లు, మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో అరిగేది అల్యూమినియం. అరిగిన అల్యూమినియం తెల్లని పొడిగా మారి మర సందుల్లో కూరుకుంటుంది, లోహంగా ఉన్నప్పటి కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సిమెంటు పోసి బోల్టు పాతినట్టు అవుతుంది. కాబట్టి బోల్టు ముందే పాడైందన్న మాట అబద్ధం కాదు.

అయితే రెండోసారి విరిగిన బోల్టు మొదటిసారి ఆయన వేసిన కొత్తదే కదా. మరలు శుభ్రం చేయకుండా, పాత తెల్లపొడి మీదే బిగించి ఉంటారు. లేదా అతిగా బిగించి ఉంటారు. ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఎంత సుకుమారమైనదో చాలామంది మెకానిక్‌లకే తెలియదు. దాని బిగింపు దాదాపు పది న్యూటన్ మీటర్లు. అడుగు పొడవున్న పానా కొసను మూడున్నర కిలోల బరువుతో లాగితే చాలు. తలపై బలానికి గుర్తుగా 8.8 అని రాసి ఉన్న బోల్టయినా ఐదారు కిలోలు దాటితే తెగడానికి సిద్ధంగా ఉంటుంది. ఇంత తేడా అడుగు పానా పట్టిన మగవాడి చేతికి తెలియదు. అందుకే మా షెడ్డులో ఆరు మిల్లీమీటర్ల బోల్టులకు పొట్టి పానాలే ఇస్తాను. పొడుగువి తాళం వేసి ఉంటాయి.

డబ్బు సంగతి. మొదటిసారి తీసినందుకు అడగడం న్యాయమే, అందులో శ్రమ ఉంది. కానీ విప్పకముందే ‘ఇది విరగవచ్చు, విరిగితే ఇంత అవుతుంది’ అని చెప్పి ఉండాలి. విరిగాక చెప్పే ధర బేరం కాదు. రెండోసారి మాత్రం నేనైతే తీసుకునేవాణ్ని కాదు.

ఈసారి విప్పేటప్పుడు ఇలా చేయించండి. మూతను బోల్టు చుట్టూ గ్యాస్ దీపంతో వేడి చేయాలి, బోల్టును కాదు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది, రంధ్రం వెంట్రుకవాసి వదులవుతుంది. ఎంత వేడి అంటే, దోసె వేసే ముందు పెనం మీద నీళ్లు చిలకరిస్తారే, చుక్క చుయ్యిమని గంతులేయాలి, అంతే. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. చూస్తుండగా చూస్తుండగా ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ వేడి మీదే కొవ్వొత్తి కొస తగిలిస్తే మైనం కరిగి మరల్లోకి దిగుతుంది. కొన్నిసార్లు దిగుతుంది అనాలి, నాకు పదింటిలో ఆరేడు కలిసివచ్చాయి.

బోల్టు వచ్చాక రంధ్రాన్ని ట్యాపుతో శుభ్రం చేసి, కొత్త బోల్టు మరలకు, పట్టేయకుండా ఉంచే ఆంటీసీజ్ గ్రీజు పలచగా రాయాలి. గ్రీజు రాస్తే అదే బిగింపుకు బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి పట్టు కాస్త తగ్గించమనండి. ఇకమీదట కూలెంటు, డిస్టిల్డ్ నీళ్లు సగం సగం. బోరు నీళ్లు మొక్కలకు పోయండి. అవీ ఏమంత సంతోషించవు.

ప్రశ్న: అసిటోన్, గేరు ఆయిలు చెరిసగం కలిపి పోస్తే ఎంత తుప్పైనా వదులుతుందంటున్నారు. నిజమేనా సార్?
– ఐటీఐ విద్యార్థి, పటమట

జవాబు: వదులుతుంది. గేరు ఆయిలు కాదు బాబూ, ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఎర్రటి పలచని ఆయిలు, ఏటీఎఫ్ అంటారు. రెండూ కలిసి ఉండవు, పోసే ప్రతిసారీ సీసా ఊపాలి. రంగు మీద, ప్లాస్టిక్ మీద పడితే తినేస్తుంది. ఇది పోసిన చోట నిప్పు మాట ఎత్తకూడదు. పోసి పది నిమిషాలకే పానా పట్టుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. సాయంత్రం పోసి, సుత్తితో బోల్టు తల మీద నాలుగు చిన్న దెబ్బలు కొట్టు, ఇంటికెళ్లి అన్నం తిని పడుకో. పొద్దున మళ్లీ పోసి, అప్పుడు పానా పట్టు.

ప్రశ్న: హెడ్డు గ్యాస్కెట్ మారుస్తున్నారు. పాత హెడ్డు బోల్టులే చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి, మళ్లీ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కానూరు

జవాబు: మీ ఇంజిన్ పుస్తకంలో హెడ్డు బోల్టును ఇంత టార్కుకు (తిప్పే బలానికి) బిగించి, తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటే, చాలావరకు అది సాగే రకం బోల్టు. ఒకసారి సాగింది. మళ్లీ బిగిస్తే తెగవచ్చు, తెగకపోతే పట్టు చాలక గ్యాస్కెట్ మళ్లీ పోవచ్చు. కొత్తవి కొనండి. బజారులో తూకానికి అమ్మే బోల్టులు కొలత సరిపోయాయని తెచ్చుకోకండి, తల మీద 10.9 అని ఉందో 8.8 అని ఉందో ఏమీ లేదో చూడండి. 10.9 అంటే చదరపు మిల్లీమీటరుకు వెయ్యి న్యూటన్లు తట్టుకుంటుందని, అందులో తొంభై శాతం దగ్గర సాగడం మొదలవుతుందని.

ఇంకొకటి. హెడ్డు ఎత్తినప్పుడు బ్లాకు రంధ్రాల్లోకి కూలెంటు, ఆయిలు కారతాయి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో అది అలాగే ఉండగా బోల్టు దింపితే, పోవడానికి దారి లేని ద్రవం బ్లాకునే పగలగొడుతుంది. పగిలిన బ్లాకు ఒకటి నా షెడ్డు గుమ్మంలో బల్లగా వేసి ఉంచాను, కుర్రాళ్లు దాని మీదే కూర్చుని టీ తాగుతారు. కంప్రెసర్ గాలి పెట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని ప్రతి రంధ్రం ఊదించండి.

ప్రశ్న: విరిగిన బోల్టు ఎలాగో వచ్చింది కానీ అల్యూమినియంలో మరలు పోయాయి. హెలికాయిల్ వేస్తామంటున్నారు. అది అతుకుల బొంత పని కాదా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: కాదండీ. మెత్తని అల్యూమినియం మర స్థానంలో స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మర వస్తుంది. సరిగ్గా వేస్తే అసలు మర కంటే గట్టిగా నిలుస్తుంది. పదే పదే విప్పే చోట్ల కంపెనీ నుంచే వేసి పంపే ఇంజిన్లు ఉన్నాయి. వేసేవాళ్ల దగ్గర దాని సొంత ట్యాపు ఉందో లేదో అడగండి. మామూలు ట్యాపుతో ‘సర్దేస్తాం’ అంటే మాత్రం అక్కడ వేయించకండి.

చుట్ట కింది కొసన దాన్ని తిప్పడానికి చిన్న తోక ఉంటుంది. దింపాక ఆ తోకను విరిచి తీసేయాలి. రంధ్రం అవతలి వైపు తెరుచుకుని ఉంటే ఆ ముక్క ఎటు పడిందో వెతికి, చేతిలో పెట్టి చూపించమనండి. అయస్కాంతానికి అది సరిగా అంటకపోవచ్చు, స్టెయిన్‌లెస్ కదా. పుల్ల కొసన గ్రీజు రాసి తీయాలి.